గ్యాస్ తోడిన పొరల్లోకి కార్బన్ డయాక్సైడ్

1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి ఓఎన్‌జీసీ బావిలో లేచిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. అందుకే భూమిలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిద్దామంటే కోనసీమ ఉలిక్కిపడటం సహజం. అయినా ఇది ఆలోచించదగ్గ మాటే. గ్యాస్ తోడేకొద్దీ రాతిపొరల్లో ఒత్తిడి పడిపోతుంది. అక్కడికి ఎక్కిస్తే, మీథేన్ కంటే బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున చేరి, మిగిలిన గ్యాస్‌ను బావి వైపు నెడుతుంది. నెదర్లాండ్స్ సముద్రంలోని కే12-బి క్షేత్రంలో 2004 నుంచి ఇలా ఎక్కించి చూశారు. రెండు వాయువులూ కలిసిపోవా? కొంత కలుస్తాయి, వేరుచేసే ఖర్చూ తప్పదు. లీకవదా? లక్షల ఏళ్లు గ్యాస్‌ను ఆపిన పైపొర దీన్నీ ఆపగలదు. అసలు భయం పాత బావులకు పోసిన సిమెంటుతోనే. కార్బన్ డయాక్సైడ్ మండదు, కానీ పల్లంలో పేరుకుంటే ఊపిరాడదు. కాబట్టి రాజోలు, అమలాపురం ప్రాంతాల్లోని ప్రతి పాత బావినీ పరీక్షించి, ఆ ఫలితాలు గ్రామసభల్లో చదివి వినిపించాకే పని మొదలవ్వాలి.