భయమేస్తే మోకాళ్లు వంచండి

వేసవి సెలవులొచ్చాయంటే విశాఖ వుడా పార్కులో, హైదరాబాద్ ఇందిరా పార్కులో స్కేటింగ్ రింకుల దగ్గర పిల్లల సందడే సందడి. గట్టు మీద కూర్చుని వాళ్ల సంచులకు కాపలా కాసే అమ్మానాన్నలతోనే ఇవాళ నా మాటలు. ఆ చక్రాలు మీరూ కట్టుకోవచ్చు. నేను నలభై దాటాకే నేర్చుకున్నాను.

పెద్దవాళ్లకు అసలు చిక్కు ఒక్కచోటే వస్తుంది. కాలు జారుతోందనగానే ఒళ్లు నిటారుగా బిగుసుకుపోతుంది, వెనక్కి వాలుతుంది. బరువు మడమల వెనక్కి పోగానే చక్రాలు ముందుకు దూసుకెళతాయి. మనిషి వెల్లకిలా పడతాడు. ఆపుకోబోయి చెయ్యి వెనక్కి ఆనిస్తే దెబ్బ మణికట్టుకు తగులుతుంది. అందుకే నా మొదటి మాట, రెండో మాట కూడా ఇదే: భయమేసినప్పుడల్లా మోకాళ్లు వంచండి.

చిన్నప్పుడు బళ్లో గోడకుర్చీ వేయించేవారు, గుర్తుందా? అందులో సగం లోతు చాలు. మోకాళ్లు కాలివేళ్ల మీదికి రావాలి, ఛాతీ కాస్త ముందుకుండాలి, చేతులు మీ కళ్లకు కనిపిస్తూ ఉండాలి. నడుము వంచి నేలకేసి చూడడం కాదు సుమండీ, వంగాల్సింది మోకాళ్లు. మన హైదరాబాదీ రోలర్ స్కేటర్ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు గెలిచారు, 2015లో అర్జున అవార్డు అందుకున్నారు. అంతటివాళ్లు గాల్లో గిరగిరా తిరిగి ఒంటికాలి మీద దిగే వీడియోలు దొరికితే ఆ మోకాలిని గమనించండి. వంగే ఉంటుంది.

ఇక పడడం. దీన్ని స్కేట్స్ లేకుండా ఇంట్లో పరుపు మీదే సాధన చేయండి. ఒక మోకాలు, తర్వాత రెండోది, ఆపైన అరచేతులు, అన్నీ ముందువైపుకే. మోకాలి ప్యాడ్‌కి, మణికట్టు గార్డుకి గట్టి ప్లాస్టిక్ పెట్టేది నేల మీద జారి దెబ్బను తేలిక చేయడానికే. వాటి మీద నమ్మకం కుదిరితే వెనక్కి వాలే భయం సగం పోతుంది. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా? అది పెట్టుకోకుండా రింకులో అడుగు పెట్టొద్దు. పడ్డాక వేళ్లు ముడుచుకోండి, పక్కవాళ్ల చక్రాలు వాటి మీదుగా పోకుండా.

స్కేట్స్ కొనేటప్పుడు, ఎదిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోకండి. లోపల మడమ లేస్తుంటే ఎంత సాధన చేసినా నిలకడ రాదు. చక్రం మీద 78ఎ, 82ఎ అని అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది. మన పార్కుల గరుకు సిమెంటుకి 80 అటూ ఇటూగా ఉన్న మెత్తనివే హాయి.

ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే క్వాడ్ స్కేట్స్‌లో ఒక అందమైన సంగతి ఉంది. 1863లో న్యూయార్కులో జేమ్స్ ప్లింప్టన్ పాదానికీ ఇరుసుకూ మధ్య రబ్బరు దిమ్మలు పెట్టాడు. అప్పటినుంచి పాదం ఎటు ఒరిగితే చక్రాలూ అటే తిరుగుతున్నాయి. కాబట్టి మలుపులో భుజాలు మెలితిప్పక్కర్లేదు, అటువైపు కాస్త ఒరిగితే చాలు.

తొలి రోజు గడ్డి మీద నిలబడండి. మడమలు దగ్గరగా, వేళ్లు దూరంగా పెట్టి బాతులా చిన్న చిన్న అడుగులు వేయండి. తర్వాతే సిమెంటు. నడకలోలా కాలిని వెనక్కి తన్నకండి, పక్కకు నెట్టండి. నెట్టిన కాలు తిరిగి రెండోదాని పక్కకు చేరాక మరో నెట్టు. ఆగాలంటే కాళ్లు ఎడంగా పెట్టి, వేళ్లు లోపలికి తిప్పి, మడమలను బయటికి నెట్టండి. ఇది రింకు ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టు దాకా పదిసార్లు కుదిరేవరకు వేగం పెంచొద్దు. రోడ్డెక్కడం, ఏటవాలు దిగడం అసలే వద్దు.

మొదటి వారం రోజుకు ఇరవై నిమిషాలు చాలు. తొడలు నొప్పెడతాయి. మోకాళ్లు సరిగ్గా వంచుతున్నారని అర్థం. నడుం నొప్పెడితే మాత్రం, రేపు ఇంకొంచెం కిందికి కూర్చోండి.