పరదేశి చూచిన పాత వంతెన



టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు 1605వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించి, పలుమారులు గోలకొండ రాజ్యమునకు వచ్చెను. 1676లో ప్రకటింపబడిన తన యాత్రాగ్రంథమున, భాగ్యనగరమున క్రొత్తగా నడుగిడువాని కెదురగు దృశ్యములను వర్ణించినాడు.

వంతెనకు ముందొక పెద్దపేట. వర్తకులును పనివారును అందే కాపురము. రెండు మూడు మసీదులు పరదేశులకు బస. వర్తకులు ఉదయము 10, 11 గంటలకు నగరములోనికి పోయి, సాయంకాలము 4, 5 గంటలకు మరలెడివారట. ఈ వేళల నెఱుగని క్రొత్తవానికి మొదటిదినము బేరము సున్న! నగరవీథులు విశాలములే కాని, రాతిపఱపు లేమిచే వేసవిలో దుమ్ము మెండట.

మూసీపై రాతివంతెనను మాత్ర మాతడు మెచ్చినాడు. పారిసులోని "కొత్త వంతెన"కు అందమున నించుకయే తక్కువ యనినాడు. వింత యేమనగా, ఆ రెంటికిని 1578వ సంవత్సరమే ముడి. మనది ఆ యేటి కట్టడము. వారిది ఆ యేట ప్రారంభమై 1607లో ముగిసినది. అయినను వారిది నేటికిని కొత్త వంతెనయే. మనది పురానాపూల్, అనగా పాత వంతెన! మన కుఱ్ఱవారు దానిని తలయెత్తి చూడకయే దాటుదురు.

దానిని కట్టించిన ఇబ్రహీం కుతుబ్ షాయే తెలుగు కవుల మల్కిభరాముడు. మన ఇబ్రహీంపట్నమునకును, మన చెఱువునకును ఆయన పేరే. టావెర్నియే ఈ రాజ్యపు చెఱువులను గూడ చూచెను. మెరకతావున పల్లమువైపు మాత్రమే కట్టవేసి నీరు నిలిపి, వానలు వెలిసిన పిమ్మట తూము లెత్తి పొలములకు విడుతురని వ్రాసెను. మన నీరటికాడు చెప్పినట్లే యున్నది.