మంచులో మారథాన్ సాధన

1897లో ఆరంభమైన బోస్టన్ మారథాన్ సాధారణముగా ఏప్రిల్ మాసపు మూడవ సోమవారమున జరుగుటచేత, 42 కిలోమీటర్లకు పైబడిన ఆ దూరమునకు దేహమును సిద్ధపఱచుకొనవలసిన కాలమంతయు, డిసెంబరు మొదలు మార్చి వఱకు, ఆ ప్రాంతపు తీవ్రశీతకాలముతోనే గడచిపోవును. మంచు పేరుకొనిన వీథులలో వేగము పనికిరాదు. అడుగు కుఱుచగా వేయుచు, గడియారమును మఱచి, శ్రమనే కొలతగా గొనుట వివేకము. పరుగు సాగినకొలది దేహమే వేడిని పుట్టించును గనుక, గడప దాటునప్పుడు ఒకింత చలి వేయునట్లే దుస్తులు ధరింపవలెను. చెమటను పట్టియుంచు నూలుబట్ట ఒంటికి తగులరాదు. చలిలో దప్పిక అంతగా తెలియదు, నీరు మాత్రము తఱుగుచునే యుండును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మఱియొకటి కలదు. బోస్టన్ మార్గము ఆదిలో పల్లమునకు దిగి, తొడలు అలసిన పిమ్మట న్యూటన్ అను ఊరి వద్ద మిట్టల నెక్కును. కావున చలికి వెఱచి ఇంటిలోని ట్రెడ్‌మిల్లుపై సమతలముగా పరుగెత్తి తృప్తిపడువారిని, నా మతమున, ఆ ఎక్కుడుకంటె దిగుడే ఎక్కువగా బాధించును. పైగా ఏప్రిల్ చంచలమైనది: 2012లో ఎండ మండినది, 2018లో చల్లని వాన ఎదురుగాలితో కొట్టినది. చలికి అలవడిన శరీరము ఎండకు అలవడుటకు పదిదినములైనను పట్టును. అందుచేత తుదివారములలో కొందఱు కావలెననియే అదనపు వస్త్రములు తొడిగి పరుగెత్తుదురు.