అరుదుగా వచ్చే భూకంపం: మన బడి, మన ఇళ్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ సభలో భూకంపాల గురించి మాట్లాడతానంటే కమిటీ మిత్రులు మొదట నవ్వారు. "పండగ పూట ఇదేం మాట?" అన్నారు ఒకరు. అయినా పెద్ద మనసుతో ఇరవై నిమిషాలు ఇచ్చారు. నేను ఉద్యోగ జీవితమంతా కట్టడాల ఇంజినీరుగా పనిచేశాను. మన సంఘం ఇప్పుడు చందాలు పోగుచేస్తున్నది పాత బ్లాకు మీద ఇంకో అంతస్తు వేసి లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబు పెట్టడానికి. ఆ పని మొదలయ్యేలోపు ఒక విషయం మీ ముందు పెట్టాలని ఈ అవకాశం అడిగాను.

2024 డిసెంబరు 4, బుధవారం. పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మన గోదావరి లోయతో పాటు వరంగల్, హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. వంటింట్లో గిన్నెలు కదిలాయని, మంచం ఊగిందని అందరం ఫోన్లు చేసుకున్నాం. సాయంత్రానికి వాట్సాప్‌లో రెండు రకాల మాటలు నడిచాయి. ఒకటి, ఫలానా తేదీన పెద్దది రాబోతోందని. రెండోది, ఇదేమన్నా జపానా, ఇక్కడ ఏమీ కాదులే అని. మొదటిదాన్ని నమ్మకండి. ఏ రోజు, ఏ చోట, ఎంత పెద్దది వస్తుందో ముందే చెప్పగల విద్య ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. రెండో మాట ఇంకా ప్రమాదకరం. ఈ రోజు నేను మాట్లాడేది దాని గురించే.

మన కాళ్ల కింద ఏముందో భూగోళం సారు చెప్పిన పాఠం గుర్తు చేసుకోండి. గోదావరి పారుతున్న ఈ లోయ కోట్ల సంవత్సరాల కింద నేల చీలి, మధ్య భాగం కిందికి దిగిపోగా ఏర్పడింది. అలా దిగిన పల్లంలో పేరుకున్న పొరల్లోనే సింగరేణి బొగ్గు పుట్టింది. అంటే మన ప్రాంతానికి అన్నం పెట్టిన బొగ్గూ, ఇక్కడి పాత పగుళ్లూ ఒకే కథలోవి. భారత భూఫలకం ఇప్పటికీ ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడిలో ఎక్కువ భాగం హిమాలయాల దగ్గరే తేలినా, కొంత దేశం లోపలి పాత పగుళ్ల మీదా పడుతుంది. అందుకే 1967 మార్చిలో ఒంగోలు దగ్గర, అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర కోయనాలో, 1969 ఏప్రిల్ 13న మన భద్రాచలం దగ్గర, 1997లో జబల్‌పూర్‌లో భూకంపాలు వచ్చాయి. భద్రాచలం భూకంపం తీవ్రత 5.7. ఈ సభలో అది గుర్తున్న పెద్దలు కొందరైనా ఉంటారు. దాని తర్వాత పుట్టినవాళ్లలో చాలామందికి అది వచ్చిందనే తెలియదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. జపాన్‌లో 1923 నాటి కాంటో భూకంపం జ్ఞాపకంగా ఏటా సెప్టెంబరు 1న దేశమంతా విపత్తు నివారణ దినం పాటిస్తారు, బడి పిల్లల చేత డ్రిల్లు చేయిస్తారు. అక్కడ భూమి తరచూ గుర్తు చేస్తూ ఉంటుంది, మనిషి మరిచిపోయే వీలుండదు. మన దగ్గర ఒక తరం చూసినదాన్ని తర్వాతి తరం చూడదు. మధ్యలో ఇళ్లు కట్టుకునే పద్ధతి నుంచి, పిల్లలకు చెప్పే పాఠం నుంచి ఆ జాగ్రత్త జారిపోతుంది.

మరిచిపోతే ఏమవుతుందో కిల్లారి చెబుతుంది. ఇది లాతూరు జిల్లాలో, హైదరాబాద్‌కు రెండు వందల కిలోమీటర్లకు కాస్త పైగా దూరంలో ఉన్న ఊరు. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం మొదటి జోన్‌లో, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న చోట ఉండేది. 1992లో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. తర్వాత అవి తగ్గాయి. 1993 సెప్టెంబరు 29న వినాయక నిమజ్జనం చేసుకుని ఊళ్లన్నీ అలసి పడుకున్నాయి. తెల్లవారితే 30వ తేదీ. నాలుగు కొట్టడానికి కొన్ని నిమిషాల ముందు 6.2 తీవ్రతతో భూమి కదిలింది. దాదాపు పది వేల మంది చనిపోయారు.

హిమాలయాల్లో వచ్చేవాటితో పోలిస్తే 6.2 పెద్ద భూకంపం కాదు. అన్ని ప్రాణాలు పోవడానికి కారణం ఇళ్లు. అక్కడి గోడలు రెండడుగుల పైనే మందం. చూడటానికి కోటలా ఉంటాయి. కానీ అది ఒక గోడ కాదు, రెండు గోడలు. బయటి వైపు ఒక రాతి వరస, లోపలి వైపు ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి. రెండు వరసలనూ కలిపి పట్టే పొడవాటి అడ్డరాయి లేదు. పైకప్పు మట్టి మిద్దె. భూమి ఊగగానే రెండు వరసలూ చెరో వైపు ఉబ్బి విడిపోయాయి, టన్నుల కొద్దీ మట్టి నిద్రపోతున్నవాళ్ల మీద పడింది. ఆ ఇళ్లు కట్టిన మేస్త్రీలు పనిలేనివాళ్లు కాదు. ఎండకు చల్లగా, వానకు గట్టిగా ఉండేలా కట్టారు. భూమి ఊగుతుందన్న ఊహే వాళ్ల లెక్కలో లేదు. 2002లో మన ప్రమాణాల సంస్థ భూకంప పటాన్ని సవరించినప్పుడు మొదటి జోన్‌నే తీసేసింది. ఆ పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో, భద్రాచలం పరిసరాలు, విజయవాడ మూడో జోన్‌లో ఉన్నాయి.

"సరే, అది 6.2. మన దగ్గర వచ్చింది 5.3, మహా అయితే 5.7" అంటారా? తీవ్రతలో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి ముప్పై రెట్లకు పైగా పెరుగుతుంది కాబట్టి ఆ తేడా నిజమే. కిల్లారిలో బయటపడిన శక్తి 2024లో మనం చూసినదానికి సుమారు ఇరవై రెట్లు. కానీ చిన్నదని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ పట్టణం గురించి చెప్పాలి. అదీ బొగ్గు గనుల ప్రాంతమే, అక్కడా భూకంపాలు అరుదే. 1989 డిసెంబరు 28 ఉదయం అక్కడ 5.6 తీవ్రతతో వచ్చింది. మన భద్రాచలం భూకంపం కన్నా ఒక పిసరు చిన్నది. పాత ఇటుక గోడలు, పిట్టగోడలు రోడ్ల మీదికి కూలాయి. 13 మంది చనిపోయారు. బడి కట్టడాలు కూడా చాలా దెబ్బతిన్నాయి. అప్పుడు బడులకు సెలవులు కావడం వల్ల క్లాసుల్లో పిల్లలు లేరు.

మన 2024 భూకంపమూ బడి గంట కొట్టకముందే వచ్చింది. రెండోసారి కూడా గడియారం మన పక్షాన ఉంటుందని అనుకోలేం. 2001 జనవరి 26న, గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు, కచ్ జిల్లా అంజార్‌లో బడి పిల్లలు గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో ఇరుకు వీధిలో నడుస్తున్నారు. రెండు వైపులా ఉన్న ఇళ్లు వాళ్ల మీద కూలాయి. రెండు వందల మంది దాకా పిల్లలు, టీచర్లు పోయారు. వాళ్ల పేరున అక్కడ స్మారకం కట్టారు.

ఇప్పుడు మన బడికి వస్తాను. పాత బ్లాకు మనందరికీ ఇష్టం. ఆ వరండాలో గుంజీలు తీయనివాళ్లు ఈ సభలో తక్కువ. కానీ ఇంజినీరు కంటితో చూస్తే అది సున్నం, మట్టి కలిపి కట్టిన రాతి గోడ. నాలుగు గోడలనూ చుట్టి కలిపే కాంక్రీటు పట్టీ, మన మేస్త్రీల భాషలో లింటెల్ బెల్టు, అందులో కనబడదు. గోడ లోపల రెండు వరసలనూ కలిపే రాళ్లున్నాయో లేదో ఒకచోట విప్పి చూస్తే తప్ప తెలియదు. భూమి ఊగినప్పుడు కట్టడం మీద పడే బలం దాని బరువును బట్టి ఉంటుంది. అలాంటి గోడ మీద ఇంకో స్లాబు, పుస్తకాల బీరువాలు, అరవై మంది పిల్లలు అంటే కింద చదువుకునే పిల్లల నెత్తిన బరువు పెంచడమే. మామూలు రోజుల్లో గోడ మోయవచ్చు. నేను అడిగేది మామూలు రోజు గురించి కాదు.

దీనికి కూల్చేయడం ఒక్కటే దారి కాదు. కిల్లారి తర్వాత మహారాష్ట్రలో నిలిచి ఉన్న రాతి ఇళ్లను బలపరిచే పనులు పెద్ద ఎత్తున చేశారు. గోడకు అక్కడక్కడ ఆరపార రంధ్రం చేసి, ఇనుప చువ్వ పెట్టి కాంక్రీటు నింపితే రెండు వరసలూ ఒకటవుతాయి. కిటికీల పైన లోపలా బయటా ఇనుప మెష్ కొట్టి సిమెంటు పూసి, చుట్టూ బెల్టు వేయవచ్చు. మూలలు, కప్పు గోడకు ఆనే చోటు గట్టి చేయవచ్చు. ఇవన్నీ మన ఊరి మేస్త్రీలు నేర్చుకోగల పనులే. అయితే ఏది అవసరమో చెప్పాల్సింది పరీక్షించిన ఇంజినీరు. నేనైనా సరే, కంటితో చూసి చెప్పేసే మాట చాలదు.

రెండోది, ఖర్చు లేని పనులు. లైబ్రరీ బీరువాలను, ల్యాబులో రసాయనాల అరలను గోడకు బిగించాలి. తలుపు పక్కన ఎత్తైన సామాను ఉండకూడదు. వదులైన పిట్టగోడ, పగిలిన సన్‌షేడ్ ముందు బాగుచేయాలి. పడేవి చాలావరకు ఇవే.

మూడోది, డ్రిల్లు. ఏడాదికి రెండుసార్లు, అరగంట చాలు. ఊపు తెలియగానే పిల్లలు కిందికి వంగి, బల్ల కిందికి దూరి, దాని కాలు పట్టుకోవాలి. బల్ల లేని క్లాసులో కిటికీలకు దూరంగా కూర్చుని తల, మెడ చేతులతో కప్పుకోవాలి. ఊగుతున్నంతసేపు మెట్ల మీదికి పరుగెత్తకూడదు, పై నుంచి దూకకూడదు. ఆగాక వరసగా గ్రౌండు మధ్యకు రావాలి. ప్రహరీ గోడ పక్కన, నీళ్ల ట్యాంకు కింద, కరెంటు తీగల కింద నిలబడకూడదు. టీచరు హాజరు పట్టీ పట్టుకుని తల లెక్క పెట్టాలి. బ్యాగుల కోసం ఎవరూ లోపలికి వెళ్లకూడదు, వెనక మళ్లీ ప్రకంపనలు వస్తాయి. నడవలేని పిల్లలుంటే వాళ్లకు తోడుగా ఇద్దరు పెద్ద పిల్లల పేర్లు ముందే రాసి ఉంచాలి. మధ్యాహ్న భోజనం వండే అక్కలకు ముందుగా గ్యాసు కట్టేయడం అలవాటు చేయాలి. అయితే ఒక్క మాట: బల్ల పెచ్చులను ఆపుతుంది గాని రాతి గోడను ఆపదు. అందుకని గోడ పని వాయిదా వేసి డ్రిల్లుతో సరిపెట్టుకోవడం కుదరదు.

మనలో చాలామంది హైదరాబాద్‌లో, విజయవాడలో ఫ్లాట్లలో ఉంటున్నారు. 2001లో అహ్మదాబాద్ భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా అక్కడ పదుల సంఖ్యలో అపార్టుమెంట్లు కూలి వందల మంది పోయారు. వాటిలో చాలావాటికి పైన గోడలు, కింద కార్ల కోసం ఖాళీగా వదిలిన పిల్లర్లు. పై అంతస్తులు బిగువుగా, కింది అంతస్తు బలహీనంగా ఉంటే ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. కొనేముందు బిల్డరును అడగండి: ఐ.ఎస్. 1893 ప్రకారం డిజైన్ చేశారా, కింద పార్కింగ్ అంతస్తులో కాంక్రీటు గోడలు గాని, అదనపు బలం గాని ఇచ్చారా? ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు పిల్లర్ రింగులు దగ్గరుండి చూడండి. రింగు కొసలను 135 డిగ్రీలు వంచి పిల్లర్ లోపలికి దింపాలని ఐ.ఎస్. 13920 చెబుతుంది. లంబంగా మడిచి వదిలేస్తే గట్టి ఊపులో విచ్చుకుంటాయి. దీనికి పట్టేది మేస్త్రీకి కొంచెం ఓపిక, మనకు కొంచెం శ్రద్ధ.

చివరగా నా విన్నపం. పోగైన చందాలో మొదటి ఖర్చు పాత బ్లాకును నిపుణులతో పరీక్ష చేయించడానికి పెడదాం. ఆ నివేదిక వచ్చేదాకా పై అంతస్తు పని ఆపుదాం. గోడలను బలపరచమంటే ముందు అది చేద్దాం. లైబ్రరీ కావాలంటే పక్కనున్న ఖాళీ స్థలంలో బెల్టుతో, మంచి పిల్లర్లతో ఒక్క అంతస్తుగా కడదాం. శంకుస్థాపన ఆరు నెలలు ఆలస్యం కావచ్చు. రాతి పలక మీద పేర్లు కొన్నాళ్ల తర్వాత చెక్కించుకోవచ్చు. ఈ మధ్యాహ్నం జరిగే సర్వసభ్య సమావేశంలో ఈ మాటను తీర్మానంగా పెట్టాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను. డ్రిల్లు నేర్పడానికి ఏ శనివారం పిలిచినా నా ఖర్చుతో నేనే వస్తాను.