ఖీరా కడిగినం, టబ్బు కడగలే

హిద్ నుంచి మాట్లాడుతున్నాను. శుక్రవారం పొద్దున, రూంలో అందరూ ఇంకా పడుకునే ఉన్నారు. వెనక ఏసీ చప్పుడు వస్తే ఏమనుకోకండి, ఆపితే ఇక్కడ పది నిమిషాలు కూర్చోలేం. వినడానికి టైం లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే మాట్లాడినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా రూంల రోజూ ఇదే లొల్లి. ఒకడు కూరగాయలు కడగకుండనే కోస్తడు. ఒకడు గిన్నెల సబ్బేసి రుద్దుతడు. ఇంకొకడు క్లోరాక్స్ కలుపుతడు. ఎవ్వడు కరెక్టు?" అని. తమ్ముడూ, ముగ్గురూ తప్పే. నేను డాక్టర్ని కాదు, ఐటీఐ చదివి సైటు మీద సూపర్‌వైజర్ అయినవాణ్ణి. కానీ ఈ విషయంలో నాకు ఒక దెబ్బ తగిలింది, ఆ తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నాను. ముందు ఆ దెబ్బ సంగతి చెప్తాను.

నాలుగేళ్ళ కింద, జులై నెల. శనివారం పొద్దున మా షట్టరింగ్ పిలగాడు ఒకడు బస్సు దిగి, అక్కడే నీడన కూలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది. శుక్రవారం సెలవు అయిపోయిన మర్నాడు కదా, నేనేమనుకున్నానంటే రాత్రి తాగి ఉంటాడని. నలుగురి ముందే అడిగేశాను, "రాత్రి ఎంత పట్టించినవ్ రా?" అని. వాడు తల వంచుకున్నాడు, ఏం మాట్లాడలేదు. పనిలోకి పొమ్మన్నాను. పది గంటలకు ఇనుప కడ్డీల పక్కన పడిపోయాడు. రాత్రంతా విరేచనాలట, వాంతులట. ఒంట్లో నీళ్ళే లేవు. ఆ ఎండకు ఇంకో గంట ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. అదే రూంలో ఇంకో ఇద్దరికి కూడా కడుపు పాడైందని అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ మలయాళీ, హిందీలో అడిగింది, నిన్న ఏం తిన్నారు, పచ్చివి ఏం తిన్నారు అని. శుక్రవారం బిర్యానీ. దాంతోపాటు ఖీరా, ఉల్లిగడ్డ, టమాట ముక్కలు. "అన్నీ మంచిగ కడిగినం మేడం" అన్నారు పిల్లలు. ఎందులో కడిగారు అంది. నీలం టబ్బులో. అంతకు ముందు ఆ టబ్బులో ఏం పెట్టారు అంది. చికెన్ కడిగారు. ఆమె ఇంకేం అడగలేదు. చికెన్ ఉడికింది, దాని క్రిములు గిన్నెలోనే చచ్చాయి. ఖీరాను ఎవరూ ఉడకబెట్టరు కదా, అదే అయి ఉంటుంది అంది.

ఆ రోజు టైమ్‌షీట్‌లో నేను వాడికి ఆబ్సెంట్ రాశాను. మర్నాడు కొట్టేసి సిక్ లీవ్ అని దిద్దాను, అందరూ ఉండగానే వాడికి సారీ చెప్పాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు విషయం. కాయల మీద ఉండేవి రెండు రకాలు. ఒకటి మట్టి, క్రిములు. రెండోది పురుగుమందు. ఈ రెండింటికీ లెక్క వేరు.

బహ్రెయిన్‌లో పండేది చాలా తక్కువ. మనం తినే కూరగాయల్లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి ఓడల్లో, విమానాల్లో, సౌదీ బ్రిడ్జి మీద లారీల్లో వస్తాయి. మనామా సెంట్రల్ మార్కెట్లో దిగి, అక్కడి నుంచి మన గల్లీ కోల్డ్ స్టోర్‌కు చేరతాయి. ఎన్ని చేతులు మారి ఉంటాయో ఆలోచించండి. మన దగ్గరకొచ్చాక కూడా పది మంది పిసికి చూసి వదిలేసిన టమాటనే మనం తెచ్చుకుంటాం.

పురుగుమందు సంగతి మనకు కొత్త కాదు. 2014లో సౌదీ వాళ్ళు మన దేశపు పచ్చిమిరపకాయల్లో మందు మోతాదు మించిందని దిగుమతి ఆపేశారు, తర్వాత మళ్ళీ తెరిచారు. 2020 డిసెంబరులో ఏలూరులో ఏమైందో గుర్తుందా? ఉన్నట్టుండి ఆరు వందల మందికి పైగా మూర్ఛతో, కళ్ళు తిరిగి ఆసుపత్రుల్లో చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. తర్వాత ఎయిమ్స్, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నిపుణులు పురుగుమందుల అవశేషాలను ప్రధాన కారణంగా చెప్పారు. అవి ఒంట్లోకి ఏ దారిన వెళ్ళాయన్నది మాత్రం గట్టిగా తేలలేదు. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఊళ్ళో మందు కొట్టిన చేతులు మనవి, దాని బలం మనకే ఎక్కువ తెలుసు.

మరి కడిగితే పోతుందా? పైన అంటుకున్నది చాలావరకు పోతుంది. మొక్క లోపలికి పీల్చుకున్నది పోదు, ఏం వేసి రుద్దినా పోదు. 2017లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్ళు ఆపిల్ పండ్ల మీద చూశారు. వంటసోడా కలిపిన నీళ్ళలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే తొక్క మీద మందు పోయింది, తొక్కలోకి దిగింది మాత్రం ఉండిపోయింది. కొలత లీటరు నీళ్ళకు పది గ్రాములు, అంటే సుమారు రెండు టీ స్పూన్లు. తొక్కతో తినే పండ్లకు ఓపిక ఉంటే చేయండి, తర్వాత మంచినీళ్ళతో కడగండి. లేకుంటే ధారగా పడే నీళ్ళ కింద చేత్తో రుద్ది కడిగినా చాలా మేలు. అందుకే రోజూ ఒకే కూర, ఒకే పండు తినకుండా మార్చి మార్చి తినమంటారు.

సబ్బు, డిష్‌వాష్, సర్ఫ్ వద్దే వద్దు. గిన్నెకు రంధ్రాలు ఉండవు, కాయకు సన్నటి రంధ్రాలుంటాయి, సబ్బు లోపలికి దిగుతుంది, కడుపులోకి పోతుంది. కరోనా రోజుల్లో, 2020లో, నేనే మా క్యాంపులో సబ్బు నీళ్ళలో నానబెట్టండని చెప్పాను. ఆ టైంలోనే మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ సబ్బులు వాడొద్దని చెప్పిందట, నాకు తర్వాత తెలిసింది. క్లోరాక్స్ బాత్రూముకు ఉంచండి. కొలత తప్పితే గొంతు, కడుపు కాలతాయి. ఇంకో మాట బాగా గుర్తు పెట్టుకోండి. క్లోరాక్స్‌లో వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలిపితే విషపు గాలి లేస్తుంది. తలుపులు మూసిన ఏసీ రూంలో అది ప్రాణం మీదకు వస్తుంది.

ఇక ఎలా కడగాలో వరసగా చెప్తాను.

ముందు చేతులు. సైటు నుంచి వచ్చిన చేతులు, సిమెంటు, షట్టర్ ఆయిల్ అంటిన చేతులు. సబ్బుతో ఇరవై సెకన్లు. సబ్బు చేతులకే, కాయలకు కాదు.

టమాట, ఖీరా, వంకాయ, బెండకాయ, మిరపకాయ, ఆపిల్: కొళాయి కింద ఒక్కొక్కటి రుద్ది కడగండి. ఆలుగడ్డ, క్యారెట్, ముల్లంగికి చిన్న బ్రష్ ఒకటి విడిగా పెట్టుకోండి. కోశాక కాదు, కోయకముందే కడగాలి.

తొక్క తీసేవాటిని కూడా కడగాలి. పుచ్చకాయ తొక్క తింటామా అని అడుగుతారు. కత్తి తొక్క మీద నుంచే గుజ్జులోకి దిగుతుంది కదా, పైనున్న క్రిమిని అదే లోపలికి తీసుకుపోతుంది. 2011లో అమెరికాలో ఖర్బూజ పండ్ల మీది లిస్టీరియా అనే క్రిమితో ముప్పై మందికి పైగా చనిపోయారు.

ఆకుకూరలు, కొత్తిమీర, పుదీన, ఇక్కడి జర్జీర్: వేర్లు కోసి, కుళ్ళిన ఆకులు తీసి, టబ్బులో ముంచి కదిలించండి. టబ్బు వంచి నీళ్ళు పారబోయకండి, ఆకులను పైకి ఎత్తండి. మనం సైటులో ఇసుకను గ్లాసులో వేసి ఒండ్రు ఎంతుందో చూడమా? ఒండ్రు ఎక్కడికి పోతుంది, అడుక్కే కదా. టబ్బు వంచితే ఆ అడుగు మట్టంతా మళ్ళీ ఆకుల మీదే పడుతుంది. అడుగున ఇసుక కనబడనంతవరకు రెండు మూడుసార్లు నీళ్ళు మార్చండి. గోబిపువ్వును ముక్కలు విరిచి ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే పురుగులు బయటకొస్తాయి.

తెచ్చిన రోజే అన్నీ కడిగి ఫ్రిజ్‌లో పెట్టకండి. తడికి తొందరగా కుళ్ళుతాయి. వండే ముందు, తినే ముందు కడగండి. మెత్తబడిన చోటు కోసి పారేయండి.

నీళ్ళ మాట. మన హిద్‌లోనే సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే పెద్ద ప్లాంటు ఉంది. ప్లాంటు నుంచి నీళ్ళు శుభ్రంగానే వస్తాయి. తేడా వచ్చేది మన బిల్డింగు మీది ట్యాంకులో. మూత లేక, ఏళ్ళ తరబడి కడగక ఉంటే అందులో ఏముందో దేవుడికే తెలుసు. ట్యాంకు మీద నమ్మకం లేకపోతే, ఉడికించే కూరలకు కొళాయి నీళ్ళు వాడి, పచ్చిగా తినేవాటికి చివరిసారి తాగేనీళ్ళు పోయండి. ట్యాంకు కడిగించమని క్యాంపు బాస్‌ను అడగండి, ఒక్కడు కాకుండా నలుగురు కలిసి అడగండి.

అన్నిటికంటే పెద్ద మాట, నేను దెబ్బ తిని నేర్చుకున్నది. చికెన్ టబ్బు, కూరగాయల టబ్బు వేరే ఉండాలి. బోర్డు, కత్తి కూడా వేరే. అసలు చికెన్‌ను కొళాయి కింద కడగొద్దంటారు, ఆ చిందులు పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి. ఫ్రిజ్‌లో చికెన్ కింది అరలో, కూరగాయలు పై అరలో. మా క్యాంపులో ఆ వారమే పచ్చ టబ్బు, పచ్చ బోర్డు కొన్నాం. రెండు దినార్లు కూడా కాలేదు. పచ్చవి కూరగాయలకే. ఎవడైనా అందులో మాంసం పెడితే వారం రోజులు గిన్నెలు వాడే తోమాలి. మూడేళ్ళలో ముగ్గురు తోమారు, అందులో నేనొకణ్ణి.

ఒకవేళ కడుపు పాడైతే దాచకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ తాగండి. అది లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి, కొద్దికొద్దిగా తాగండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరకు. మనిషి పడిపోతే 999కి ఫోన్ చేయండి. ఇక్కడి 2012 కార్మిక చట్టంలో మూడు నెలలు పని చేసినవాడికి డాక్టర్ కాగితం మీద ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో సిక్ లీవ్ ఉంది, ఆ తర్వాత 20 రోజులు సగం జీతంతో. కాబట్టి జీతం పోతుందని భయపడి ఎండలోకి వెళ్ళకండి.

నా తోటి సూపర్‌వైజర్లు ఎవరైనా వింటుంటే మీకొక మాట. శనివారం పొద్దున ఎవడైనా నీరసంగా దిగితే, తాగినవా అని అడగకండి. ఏం తిన్నవ్ బిడ్డా అని అడగండి. ముందు నీళ్ళివ్వండి, నీడలో కూర్చోబెట్టండి.

ఆ పిలగాడు ఇప్పుడు మేస్త్రీ అయ్యాడు. ఈ శుక్రవారం వంట వంతు వాడిదే. పచ్చ టబ్బులో పాలకూర ముంచుతున్నాడు, చప్పుడు వినబడుతోంది. నేను పోయి ఉల్లిగడ్డలు కోయాలి. మీ రూంలో టబ్బులెన్ని ఉన్నాయో చూసి నాకు మెసేజ్ పెట్టండి. వచ్చే శుక్రవారం కలుద్దాం. పైలం.