‘సిన్స్ వెన్’ తెచ్చిన చిక్కు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్టులు రాసినవాణ్ణి కదా అని ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చేసిన తప్పొకటి చెబుతాను.

మా సెక్షన్లో పనిచేసిన మిత్రుడొకరు రిటైరయ్యాక కాలం చేశారు. ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఏ తేదీ నుంచి వస్తుందో కనుక్కుంటూ సంఘం తరఫున నేనే ఉత్తరం రాశాను. ‘సిన్స్ వెన్ ఈజ్ షి ఎలిజిబుల్?’ అన్నాను. మన ‘ఎప్పటినుంచి’కి మక్కికి మక్కి! చదివిన ఆఫీసరుగారికి అది ‘ఈవిడకు అర్హత ఉందని ఎవరన్నారు?’ అన్నట్టు వినబడింది. అభ్యంతరమేమిటో ఆధారాలతో తెలుపమని జవాబొచ్చింది. ఆ కాగితం పట్టుకుని చెల్లెమ్మ మా ఇంటికొచ్చి, “అన్నయ్యగారూ, నాకు రాదని మీరే రాశారటగా?” అంది. నా నోట మాట రాలేదు.

ఆమె మాటలోని ఆ ‘ట’ చూశారా? మనకు ‘ఎప్పటినుంచి’ అంటే మామూలు ప్రశ్న, ‘ఎప్పటినుంచట?’ అంటే దెప్పు. ఇంగ్లీషులో ఆ ‘ట’ లేదు. ‘సిన్స్ వెన్’ తరువాత ఈజ్, ఆర్, డు వచ్చాయంటే దెప్పుగానే చదువుకుంటారు. ‘సిన్స్ వెన్ ఆర్ యూ వర్కింగ్ హియర్?’ అని మనం మర్యాదగానే అడుగుతాం. అవతలివాడికి అది ‘నువ్వు పనిచేయడం కూడానా?’ అన్నట్టుంటుంది. ఎదురుగా ఉంటే మన ముఖం చూసి సర్దుకుంటాడు. కాగితానికి ముఖమేది? ‘హౌ లాంగ్ హావ్ యూ బీన్ వర్కింగ్ హియర్?’ అంటే పేచీ లేదు. తేదీ కావాలంటే ‘ఫ్రమ్ వాట్ డేట్’ అనాలి.

అలాగని ఆ మాటను వెలివేయనక్కరలేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ఎవరి దయాభిక్షా కాదని తేల్చింది. ఇప్పుడెవరైనా కాదంటే, ‘సిన్స్ వెన్ ఈజ్ పెన్షన్ ఎ గిఫ్ట్?’ అని పత్రికకు నిక్షేపంగా రాయండి. చివర ప్రశ్నార్థకం ఒక్కటి చాలు, ఆశ్చర్యార్థకాలు గుప్పించకండి.

రెండో ఉత్తరంలో ‘ఫ్రమ్ వాట్ డేట్’ అని రాశాను. భర్త పోయిన మరునాటి నుంచి అని జవాబొచ్చింది. మధ్యలో రెండు నెలలు ఆ ఇల్లు ఎలా గడిచిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పటికీ ఏదైనా రాయించుకోవడానికి వస్తే, సంతకానికి ముందు తెలుగులో చదివి చెప్పమంటుంది. చెబుతున్నాను.