తోపుడుబండిపై పాఠశాల
(తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



మన పాఠశాలలోని పైతరగతుల విద్యార్థులు కొందఱు శనివారములందు సమీపపు పేటలోని బీద పిల్లలకు చదువు చెప్పుటకు అనుమతి నడిగిరి. మీలో కొందఱు సంతసించిరి. కొందఱు, 'పరీక్షలు దాపునకు వచ్చుచుండగా ఈ పరోపకారమేల?' అని మమ్ము ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మేము వాదముతో బదులు చెప్పుటకంటె, సముద్రమున కావల ఫిలిప్పైన్సు దేశమున విద్యార్థులు చేసి చూపిన యొక కార్యమును మీకు వినిపించుట మేలని తలంచితిమి.

ఏడువేలకు పైగా ద్వీపములు గల ఆ దేశమున చట్టములకు కొదువ లేదు. 1987 నాటి రాజ్యాంగము ప్రభుత్వ పాఠశాలలలో ప్రాథమికోన్నత విద్యలను ఉచితము గావించినది. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను ఆ దేశము 1990లోనే ధ్రువపఱచినది. మన భారతదేశము 1992లో అందు చేరినది. చదువు, ఆట, విశ్రాంతి, కష్టమైన కూలిపని నుండి రక్షణ, తన మాటను చెప్పుకొను అవకాశము – ఇవి యన్నియు బిడ్డకు హక్కులని ఆ ఒడంబడిక చాటుచున్నది.

కాని బడి ఉచితమైనంత మాత్రమున ఆకలి తీరదు గదా! బడికి పోవలెనన్న బట్ట కావలెను, పుస్తకము కావలెను, దారి ఖర్చు కావలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఆ దినమున బిడ్డ తెచ్చు నాలుగు డబ్బులను ఆ యిల్లు వదులుకొనవలెను. నగరముల చెత్తదిబ్బలపై సీసాలు, ఇనుపముక్కలు ఏరి అమ్మి పొట్టపోసికొను కుటుంబములు ఆ దేశమున పెక్కు గలవు. మనీలాను ఆనుకొనియున్న క్వెజోన్ నగరమున పయాటాస్ చెత్తకొండ 2000 జూలై 10న విఱిగిపడగా, దాని యంచున కాపురమున్న వారు రెండువందల మందికి పైగా మరణించిరి.

మనీలా సమీపముననే కవీటె యను పట్టణము కలదు. అచ్చటి పేదవాడలో పెరిగిన ఎఫ్రెన్ పెన్యఫ్లోరిదా యను బాలుడు, వీధి ముఠాల బాధ ననుభవించినవాడు, 1997లో పదునాఱేండ్ల ప్రాయమున తన మిత్రులతో గూడి డైనమిక్ టీన్ కంపెనీ యను విద్యార్థి సంఘమును స్థాపించెను. పిల్లలను ముఠాలపాలు గానీయక చదువువైపు మఱలించుట దాని యాశయము. చెత్త యేరువారికి తోపుడుబండియే జీవనాధారము. దానిని అచ్చటివారు 'కరితోన్' అందురు. ఈ విద్యార్థులు ఆ బండినే బడిగా మార్చిరి. పుస్తకములు, కలములు, చిన్న బల్లలు, కుర్చీలు దానిపై వేసికొని, శనివారములందు చెత్తదిబ్బలకును, సమాధుల నడుమ నివసించు కుటుంబముల యొద్దకును త్రోసికొని పోయిరి. పాఠముతోపాటు చేతులు కడుగుకొనుట నేర్పిరి, గాయములకు కట్లు కట్టిరి, ఆకలిగొన్న వారికి ఆహారము పెట్టిరి. బడికి రాలేని బిడ్డ యొద్దకు బడియే నడచిపోయినది. 2009లో సి.ఎన్.ఎన్. వార్తాసంస్థ ఆ యేటి మేటివీరునిగా పెన్యఫ్లోరిదాను సన్మానించినది.

ఆ కవీటె పట్టణముననే చెత్త యేరుచు, శ్మశానమున నిద్రించుచు బ్రతికిన పసివాడొకడు మండుచున్న టైర్లపై పడి కాలిపోయెను. అతని పేరు క్రిస్ వాల్దెజ్. సేవకులు చేరదీసి పెంచగా, తన యేడవ పుట్టినదినమున, తనకు బహుమతులు వలదనియు, వీధి పిల్లలకు చెప్పులు మొదలైనవి పంచవలెననియు కోరెనట. అటు తరువాత తానే తోటి బాలురకు పరిశుభ్రతను, హక్కులను బోధింప మొదలిడెను. 2012లో హేగ్ నగరమున, పదమూడేండ్ల వయస్సున, అంతర్జాతీయ బాలల శాంతి బహుమానమును డెస్మండ్ టూటూ చేతులమీదుగా అందుకొనెను. నేడు సహాయము నందుకొను బిడ్డ రేపు సహాయము చేయువాడగునని దీనివలన తెలియుచున్నది.

అచ్చటి ప్రభుత్వమును ఈ బాధ్యతను గుర్తించినది. 2001 నాటి జాతీయ సేవాశిక్షణ చట్టము ప్రకారము కళాశాల విద్యార్థులు సైనికశిక్షణ, పౌరసంక్షేమసేవ, అక్షరాస్యతా బోధన యను మూడింటిలో నొకదానిని చేపట్టవలెను. మూడవదానిని ఎన్నుకొన్నవారు పిల్లలకును, బడి మానిన యువకులకును చదువు, లెక్కలు నేర్పుటకు శిక్షణ పొందుదురు.

అయితే ఒక్క హెచ్చరిక. పేటకు ఒకనాడు పోయి, మిఠాయి పంచి, ఛాయాచిత్రము తీయించుకొని మఱలివచ్చుట సేవ గాదు. మఱుసటి శనివారము ఆ పిల్లలు త్రోవ చూచుచు కూర్చుందురు. మనము రాకున్నచో, వారి యాశను మనమే చెఱిచినవారమగుదుము. దయ యిచ్చువాని మనస్సును బట్టి యుండును. హక్కు అట్టిది కాదు. అది బిడ్డతో పుట్టినది. దానిని భిక్షగా గాక, బాకీ తీర్చినట్లు తీర్చవలెను. వారి యనుమతి లేక వారి బీదతనమును పదిమందికి చూపరాదు. వారు చెప్పునది వినవలెను.

ఈ మాట మనకంటె ఎవరికి బాగుగా తెలియును? పరభాషా ప్రాంతమున తరతరములుగా నివసించుచున్న మనకు ఈ తెలుగుబడి దయవలన లభించినది కాదు. అల్పసంఖ్యాక భాషావర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలుగవలెనని 1956లో మన రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్పబడినది. ఫిలిప్పైన్సులో 2013 నాటి చట్టము తొలి తరగతులలో మాతృభాషా బోధనను విధింపగా, 2024లో వేఱొక చట్టము ఆ నిర్బంధమును తొలగించినది. హక్కు కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. కాపాడువారు లేనిచో అది నిలువదు. మన హక్కును కాపాడుకొనుచు, పేటలోని బిడ్డ హక్కును మఱచుట మనకు తగునా?

కనుక తలిదండ్రులను మేము కోరునది స్వల్పము. వారమున కొక్క పూట మీ బిడ్డలను పంపుడు. మాట యిచ్చిన దినమున మాననీయకుడు. ఆ పేట పిల్లల కులమును, మతమును, భాషను అడుగవలదని వారికి చెప్పుడు. మార్కుల విషయమై వెఱవవలదు. ఇతరులకు చెప్పిన పాఠము తనకు మఱపురాదు. పదునాఱేండ్ల బాలుడు త్రోయగలిగిన బండిని మన బిడ్డలును త్రోయగలరని మా నమ్మకము.